సద్దిల సగం రొట్టె

ఎవలు చెప్పమన్నరు తమ్మీ నిన్ను? గంత మంది ముంగట మైకు పట్టుకొని గా ముచ్చట ఎవలు చెప్పమన్నరు?

నా రిటైర్మెంటుకు వచ్చినవ్, మంచిగనే ఉంది. శాలువ కప్పినవ్, అది సుత మంచిగనే ఉంది. కప్పి సప్పుడు చెయ్యక దిగిపోవద్దా? "నేను సచ్చేటట్టు ఉన్నప్పుడు హనుమండ్లన్న తన సద్దిల సగం రొట్టె నాకు పెట్టిండు. గా రొట్టె నా పెయ్యికి పడలే గని, అన్న ప్రేమ పడ్డది" అంటివి. బొగ్గుబాయి మేనేజరు సప్పట్లు కొట్టిండు. యూనియనోళ్లు కొట్టిన్రు. మా ఇంటిది పోచవ్వయితే కొంగుతోని కండ్లు తుడుసుకున్నది. నేనేమో మెడల పూలదండలేసుకొని గా కుర్చీల కూసున్న. పెయ్యంత ముండ్లు గుచ్చినట్టయింది.

ఏయ్, లేవకు లేవకు. నువ్వు మక్కలు ఒలుసుకో. నేను గీ అరుగు మీద కూసుంట. నీ ఇంటామె అనసూర్య లేదా? అంగడికి పోయిందా? మంచిగైంది. ఆమె ఉంటే నాకు నోరు పెగలదు.

చాయ వద్దు. మంచినీళ్లు సుత వద్దు. నీ చేతుల ఏం తీసుకునే మొఖం ఇయ్యాల నాకు లేదు. మంచిర్యాలల ఫస్టు బస్సు ఎక్కి లక్సెట్టిపేటల దిగిన. బస్టాండు నుంచి నీ ఇంటికి ఎంత దూరం? ఇంతంత. మధ్యల రెండుసార్లు ఆగి మల్ల ఎన్కకు పోదామనుకున్న, తెలుసా?

ఎందుకంటవా? చెప్త. చెప్పెటందుకే వచ్చిన. జర నన్ను ఎన్క నుంచి రానియ్యి. ముంగటికెళ్లి చెప్పుడు నాతోని కాదు.

ఎన్నేండ్లు తమ్మీ బాయిల మన సోపతి? పద్దెనిమిదేండ్లు. నేను సర్దారును, నువ్వు నా గ్యాంగుల టింబర్ పనోనివి. బొగ్గు తీసినకాడల్ల కప్పు కూలకుండ దుంగలు నిలబెట్టుడు నీ పని, అది మంచిగ నిలబడ్డదా లేదా చూసుడు నా పని. ఇద్దరు మోసే దుంగను నువ్వొక్కనివే భుజం మీద ఏసుకొని వస్తుంటివి. "జర ఆగురా, నడుము పోతది" అంటే నవ్వుతుంటివి. నువ్వు నిలబెట్టిన దుంగ కింద నేను నిమ్మలంగ నిలబడేటోన్ని. ఇంకొకని దుంగ కింద అట్ల నిలబడలే. గంత నమ్మకం నీ మీద.

మరి గా మనిషివి ఏమైనవ్? ఆరేండ్ల కింద, బోనాలు అయిపోయినంక అనుకుంట. షిఫ్టు అయి డిప్పు ఏటవాలు తొవ్వెంట ఎక్కి పైకి వస్తుంటే నడిమిట్ల కూసుంటివి. మొదాలు ఒక్కసారి. తర్వాత మూడుసార్లు. ముఖమంత సున్నం కొట్టినట్టు తెల్లగ. నోట్ల పుండ్లు. బొక్కలు నొస్తున్నయంటివి. కడుపు ఉబ్బి డోలు లెక్క అయితుండె. ఇగ దొడ్డికి పోవుడు చూడు! బాయి లోపల యాడికి పోతరు? పని అయిపోయిన పాత సొరంగం దిక్కు నువ్వు టోపీ లైటు ఏసుకొని ఉరుకుతుంటే మనోళ్లు నవ్వుతుండిరి. "బుచ్చిరాములు ఎక్స్‌ప్రెస్ పోతుంది, తొవ్వ ఇయ్యిన్రి" అని.

నేను సుత నవ్విన తమ్మీ. అబద్ధం ఎందుకు చెప్పాలె.

దవాఖానకు పోతివి. రక్తం తక్కువున్నది అన్నరు, గోలీలు ఇచ్చిన్రు. రెండు నెలలు మింగినా రక్తం ఎక్కలే. టీబీ ఏమో అని చూసిన్రు, కాదన్నరు. లివర్ అన్నరు, కాదన్నరు. నులిపురుగుల మందు ఇచ్చిన్రు. నువ్వు రిపోర్టుల సంచి పట్టుకొని వచ్చి "ఏం లేదన్నరన్నా" అంటివి. ఏం లేదు! కాలు ఇరిగితే కట్టు కనవడ్తది. గుండె నొప్పయితే మిషన్ల గీతలు కనవడ్తయి. ఏం లేదన్న రోగానికి ఎవలు జాలి పడ్తరు చెప్పు?

గప్పుడే నేను రొట్టె పెట్టుడు మొదలు పెట్టిన.

నాకు షుగరుండె గదా. పోచవ్వ రోజు నాలుగు గోధుమ రొట్టెలు, ఇంత పప్పు కట్టేది. నువ్వేమో పొద్దుగాల క్యాంటీన్ల పూరీ తిన్నా, సద్దికి డబ్బల అన్నం, సల్ల తెచ్చుకుంటివి. "గా తెల్లన్నంల ఏం సత్తువుంటదిరా, ఇగో గీ రొట్టె తిను" అని నేను తుంచి నీ గిన్నెల ఏస్తుంటి. వద్దన్నా. ఆకలి లేదన్నా. "నా మీద ఒట్టు, తిను" అని. నువ్వు నా మాట తీసెయ్యకపోతుంటివి. తింటివి. ఒక దినమా, రెండు దినాలా? ఏడాదిన్నర.

అది ప్రేమనే. నిన్న నువ్వు మైకుల చెప్పింది అబద్ధం కాదు. గంత వరకు నేను మంచోన్నే.

ఇగ గిక్కడికెళ్లి ఇను.

నువ్వు లీవు పెట్టి ఇంట్ల పదిహేను రోజులుంటే నిమ్మలమైతుంటివి. ఎరుకేనా నీకు? ముఖం జర ఎర్రగ అయ్యేది. కడుపు సర్దుకునేది. డ్యూటీకి వచ్చిన వారం లోపల మల్ల గదే కథ. కూసునుడు, ఉరుకుడు, వాంతులు. ఒకసారి అయితే సరే. మూడోసారి, నాలుగోసారి సుత గదే తీరుగ. గ్యాంగుల గుసగుసలు మొదలయినయి. "ఇంటికాడ మంచిగుంటడట, బాయి మీదికి వస్తే రోగమట. అన్‌ఫిట్ కోసం నకరాలు" అని.

పనికి పనికిరాడని కంపెనీ డాక్టర్ల బోర్డు రాసిస్తే కొడుక్కు నౌకరి వస్తది గదా. గా ఆశ ఎవలకు లేదు చెప్పు బాయి మీద?

నేను నీ దిక్కు మాట్లాడిన. మొదాలు మాట్లాడిన. "వాడు అట్లాంటోడు కాదురా" అన్న. నిజంగ అన్న, నువ్వు లేనప్పుడు సుత అన్న.

ఇగ నా మోకాళ్ల సంగతి ఎరుకే నీకు. డిప్పు దిగుతుంటే కండ్లల్ల నీళ్లు వస్తుండె. మా కొడుకు నిరంజన్ డిగ్రీ అయి మూడేండ్ల సంది ఇంట్లనే ఉండె. నేను సుత బోర్డుకు పెట్టుకున్న. పోయి నిలబడ్డ. వంగుమన్నరు, వంగిన. నడువుమన్నరు, నడిసిన. "ఇంక నడుస్తున్నవ్ గదా, పని చేసుకో పో" అన్నరు. పట్టుమని పది నిమిషాలు పట్టలే.

గా వారంలనే, ఆదివారం నాడు, మా మేనకోడలిని చూసెటందుకు గీ ఊరు వచ్చిన. నువ్వప్పుడు లీవు పెట్టి గీడ అత్తగారింట్ల ఉన్నవ్, పదిహేను రోజులాయె. మార్కెట్ కాడ ట్రాక్టరు ఆగి ఉండె. నువ్వు దాని మీదికెళ్లి మక్కల బస్తా దించుతున్నవ్. నీ భుజం మీద బస్తా. ఎవలితోనో ఏదో మాట్లాడుకుంట నవ్వుతున్నవ్.

నేను అటు దిక్కు చాయ హోటల్ల నిలబడి చూసిన. పిలువలే నిన్ను.

నా కడుపుల ఎట్ల మండిందో ఇప్పటికి చెప్పరాదు తమ్మీ. నా మోకాళ్లు నిజంగ అరిగినయి, నన్నేమో పొమ్మన్నరు. వీడు బస్తాలు మోస్తుండు, రేపు వచ్చి నా ముంగట కూలబడ్తడు, నేను నా సద్దిల సగం పెట్టాలె. నన్నే ఎడ్డోన్ని చేసిండు గదరా అనిపించింది. ఏడాదిన్నర రొట్టె పెట్టిన, పిచ్చోని లెక్క పెట్టిన అనిపించింది.

ఇంటికి పోయిన. నిరంజన్ నోటుబుక్కుల ఒక కాయితం చింపిన.

...

నువ్వు అట్ల చేతులు ఆపకు. ఒలుసుకుంట ఉండు. నువ్వు ఆపితే నేను చెప్పలేను.

నేనే రాసిన. నీ మీద ఆఫీసుకు ఆకాశరామన్న ఉత్తరం నేనే రాసిన తమ్మీ. పేరు పెట్టలే. అక్షరాలు ఇటు అటు వంకర తిప్పి రాసిన. "బుచ్చిరాములు అనే కార్మికునికి ఏ రోగం లేదు. ఇంటికాడ బస్తాలు మోస్తున్నడు. లక్సెట్టిపేట మార్కెట్ల ఎవలను అడిగినా చెప్తరు. అన్‌ఫిట్ కోసం నాటకం ఆడుతున్నడు" అని. కవరుల పెట్టి, పోస్టుడబ్బల ఏసి, ఇంటికొచ్చి స్నానం చేసిన. ఎందుకు చేసిన్నో తెల్వదు. శవానికి పోయొచ్చినట్టు చేసిన.

దాని తర్వాత ఏమైందో నీకంటే ఎవలకు ఎరుక? నిన్ను పెద్ద దవాఖానకు రాసియ్యలే. సిక్కు లీవు మంజూరు కాలే. లేని దినాలన్ని నాగాలు పడ్డయి. ఏడాది హాజరు మస్టర్లు సగానికి రాలే. చార్జిషీటు వచ్చింది. ఎంక్వయిరీ పెట్టిన్రు. నువ్వేమో నీ దిక్కు సాక్షిగ ఎవలి పేరు ఇచ్చినవ్? నా పేరు! "మా అన్న చెప్తడు సార్, పద్దెనిమిదేండ్ల సంది నన్ను చూస్తుండు" అన్నవట.

పోయి నిలబడ్డ. ఆఫీసరు అడిగిండు, "ఏమయ్యా సర్దారూ, ఇతనికి నిజంగ రోగమేనా?" అని. నువ్వు నా దిక్కే చూస్తున్నవ్. నేను గోడకున్న క్యాలెండరు చూసుకుంట "నాకు తెల్వదు సార్, నేను డాక్టర్ను కాదు" అన్న.

బయటికి వచ్చినంక నువ్వే నా భుజం మీద చెయ్యేసినవ్. "భయపడ్డవా అన్నా? ఏం కాదులే, నీకు నీ నౌకరి ఉన్నది" అన్నవ్. గా చెయ్యి ఇంక నా భుజం మీద అట్లనే ఉన్నది తమ్మీ.

నీ నౌకరి పోయింది. క్వార్టర్ ఖాళీ చేసి అత్తగారి ఊరని గీడికి వచ్చినవ్. ఇగ నాకు మనసు కొట్టుకునుడు మొదలయింది. ఏం చెయ్యాలె? ఏమన్న చెయ్యాలె గదా? నెల నెల గోధుమలు కొని, గిర్నీల పట్టించి, పిండి బస్తా ఆటోల ఏసి పంపిన. "తమ్ముడు బలం అయితడు, మూడు పూటల రొట్టెలే పెట్టు" అని అనసూర్యకు ఫోన్ల చెప్పిన. పాపం పిల్ల, నా మాట దేవుని మాట లెక్క పట్టుకున్నది. లేకపోతే మీ ఇంట్ల ఏముంటది? మక్క గటుక, జొన్న అంబలి, అన్నం. నువ్వు అవి తిని బాగుపడేటోనివి. ఆ బాగుపడేదాన్ని సుత నేను కానియ్యలే.

అయిదు నెలలల్ల నువ్వు బొక్కల గూడు అయితివి. పొలంల పడిపోయినవని ఫోన్ వచ్చింది. కరీంనగర్ దవాఖానకు తీసుకపోయిన్రు. నేను ఉరికొచ్చిన. మంచం మీద నిన్ను చూసి మొదాలు పోల్చలే తెలుసా? ఎవలో ముసలాయన అనుకొని పక్క మంచానికి పోయిన.

ఆ డాక్టరమ్మ యాదికున్నదా? చిన్నపిల్ల, మా నిరంజన్ ఈడుది. అందరు నీ రోగం అడిగిన్రు, నీ తిండి అడిగింది ఆమె ఒక్కతే. పొద్దుగాల సంది మాపటి దాక ఏమేం తింటవో అడుక్కుంట రాసుకున్నది. ఇంటికాడ ఉంటే మంచిగుండి, డ్యూటీకి పోతే ఎందుకు పాడయితుండెనో అడిగింది. మన గ్యాంగంత నవ్విన ముచ్చటను గా పిల్ల నవ్వకుండ ఇన్నది. రక్తం తీసిన్రు. గొంతులకెళ్లి పైపేసి పేగు ముక్క తీసిన్రు. వారమైనంక మనల్ని కూసోబెట్టి చెప్పింది. సీలియాక్ అట. గోధుమల ఉండే బంక నీ పేగుకు పడదట. పేగు లోపల మెత్తటి నూగు లెక్క ఉండేది మొత్తం అరిగి బోడిగయిందట. గందుకే తిన్నది ఒంటికి పట్టకపోవుడు, రక్తం గోలీలు సుత పట్టకపోవుడు. అన్నం, జొన్నలు, మక్కలు తిను, గోధుమ ఒక్క రవ్వ సుత ముట్టకు అన్నది.

గప్పుడు అనసూర్య ఏమన్నది? "లేదు మేడం, నేను మంచి తిండే పెడుతున్న. హనుమండ్లన్న నెల నెల గోధుమ పిండి పంపుతడు, మూడు పూటల రొట్టెలే" అన్నది. ఎంత గర్వంగ అన్నదో! డాక్టరమ్మ నా దిక్కు తిరిగి "మీరేనా ఆ అన్న? తెలియక చేశారు, బాధపడకండి" అన్నది.

తెలియక!

రొట్టె తెలియకనే పెట్టిన తమ్మీ. పిండి తెలియకనే పంపిన. ఉత్తరం తెలిసే రాసిన. మొదాలు క్యాంటీన్ పూరీలతోని అంటుకుంటే అంటుకున్నది గని, నేను నాటకం అనుకొన్నదంత నా గిన్నెలకెళ్లే వచ్చింది. నేను రొట్టె పెట్టిన, నువ్వు పడిపోయినవ్. ఇంటికి పోయినవ్, లేసినవ్. లేసింది చూసి నేనే ఉత్తరం రాసిన. ఎవలకన్న చెప్తే నమ్ముతరా? నాకే నమ్మబుద్ధి కాదు.

రెండేండ్లాయె. నువ్వు మెల్లమెల్లగ మనిషివయినవ్. నేను రాకడ తగ్గించిన. "అన్నకు డ్యూటీ ఎక్కువుంది" అని నువ్వే అనసూర్యకు చెప్తివట. ఫోన్ చేస్తే "మోకాళ్లు ఎట్లున్నయన్నా" అని నువ్వే అడుగుతుంటివి. ఒక్క తిట్టు తిట్టినా బాగుండు!

ఇగో, గీ కాయితం చూడు. నిన్న ఇంటికి పోయి రాసిన. ఈసారి అక్షరాలు వంకర తిప్పలే. గా ఉత్తరం నేనే రాసిన, అందుల ఉన్నది అబద్ధం, మనిషికి నిజంగ రోగమే ఉండె అని రాసి కింద పేరు పెట్టిన, సంతకం చేసిన. సోమారం నాడు ఆఫీసుల ఇస్త. దాంతోని ఏమన్న అయితదో కాదో తెల్వదు. కాకపోవచ్చు. అయినా ఇస్త.

ఏమన్న అను తమ్మీ. తిట్టు. గీ మక్కకంకి తీసి కొట్టు. అనసూర్య వచ్చేసరికి నేను పోవాలె. ఆమెకు నువ్వే చెప్పు, నాకు ధైర్యం లేదు. పోచవ్వకు ఇంక చెప్పలే. పొద్దుగాల బయలెల్లుతుంటే "తమ్మునికి జొన్న పిండి తీస్కపో" అన్నది. మరిచిపోయినట్టు చేసి వచ్చిన.

ఏందీ?

ఏమన్నవ్? మల్ల అను.

...

నిన్న యూనియన్ ఆయన చెప్పిండా? నౌకరి పోయినోళ్లకు పోయినేడు కంపెనీ ఒక అవకాశం ఇచ్చిందని? అర్జీ పెట్టుకున్నోళ్లల్ల నలుగురిని మల్ల తీసుకున్నరని?

అవ్. నిజమే.

నాకు ఎరుకేనా అంటవా... బాయి కాడ మస్తు కాయితాలు అంటిస్తరు తమ్మీ, ఎవలు చదువుతరు. నా షిఫ్టు నాకు, నా మోకాళ్లు నాకు...

లేదు. లేదు, ఇగ అబద్ధం వద్దు.

ఎరుకే. అంటించిన నాడే చదివిన. నిలబడి మొత్తం చదివిన, కిందున్న ఆఖరి తారీకు సుత చదివిన. డాక్టరమ్మ రాసిచ్చిన కాయితాలు పెడితే నీకు నౌకరి వచ్చేటట్టే ఉండె. గని నువ్వు అర్జీ పెడితే నీ ఫైలు తెరుస్తరు. తెరిస్తే గా ఉత్తరం బయటవడ్తది. ఎవలు రాసిన్రు అని ఎంక్వయిరీ పడ్తది. నాకు ఇంక ఏడాది నౌకరి ఉండె. రిటైర్మెంటుల నాకు రావాల్సింది ఆపుతరేమో అని బుగులు. ఇన్నేండ్లు మంచోడని తిరిగిన గల్లీల తలెట్ల ఎత్తాలె అని బుగులు. ఫోన్ తీసి నీ నంబరు నొక్కిన ఒకసారి. మోగకముందే కట్ చేసిన. "రిటైరయినంక చెప్పొచ్చు తియ్యి" అనుకున్న. ఇయ్యాల నాకు పోయేది ఏం లేదు, గందుకే వచ్చిన. గంతే, ఇంకేం లేదు.

నెల రోజులు గా కాయితం ముంగటికెళ్లే లోపలికి పోయిన. రోజు తారీకు లెక్క పెట్టుకున్న. నీకు ఎవలన్న చెప్తరేమో, నువ్వు వస్తవేమో అని గేటు దిక్కు చూసుకుంట కూసున్న. నువ్వు రాలే. ఆఖరి తారీకు పోయింది. తెల్లారి ఎవలో గా కాయితం చింపేసిన్రు.

గా దినం నా పానం నిమ్మలమయింది తమ్మీ. షిఫ్టుల నా సద్ది ఇప్పుకొని, చాన్నాళ్లకు కడుపునిండ తిన్న.